నల్ల తెర వెనుక బతికున్న యంత్రం

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉండిపోతుంది. వరంగల్, హనుమకొండ రిపేరు షాపుల్లో దీన్ని 'నో డిస్‌ప్లే' అంటారు. ముప్పై ఏళ్ళ నాటి డెస్క్‌టాప్ ఈ స్థితికొస్తే ఇప్పుడు తరచుగా వినిపించే తీర్పు ఒకటే: బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి. చాలాసార్లు ఈ తీర్పు తప్పు. ఆ చీకటికి కారణం అరిగిన ఒక కాంటాక్టో, షార్టయిన ఒక కెపాసిటరో, తుప్పు తినేసిన వెంట్రుకంత రాగి దారో కావచ్చు. వందల భాగాలున్న బోర్డులో ఆ ఒక్కదాన్ని పట్టుకోవడమే చిప్ లెవెల్ సర్వీసింగ్. షాపుల బోర్డుల మీద ఈ మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది గానీ, ఆ పని నిజంగా తెలిసిన చేతులకు దక్కాల్సిన గౌరవం ఈ ఊళ్ళో దక్కడం లేదు.

మంచి పనివాడు స్క్రూడ్రైవర్ అందుకునే ముందు చూస్తాడు, వింటాడు, వాసన పడతాడు. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి కరెంటు సరిగ్గానే ఉందని అతను ఒప్పుకోడు. ఫ్యాన్ తిరిగేది 12 వోల్టుల లైను మీద. ఆ తరం చిప్పులు బతికేది 5 వోల్టుల మీద. అది 4.75కూ 5.25కూ మధ్య నిలబడాలి. పైగా అన్ని లైన్లూ స్థిరపడ్డాయని కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ 'పవర్ గుడ్' సంకేతం పంపేదాకా ప్రాసెసర్ రీసెట్‌లోనే ఉంటుంది. ఆ ఒక్క తీగ మీద వోల్టేజి రాకపోతే మిగిలినదంతా బాగున్నా తెర వెలగదు. పాత 'ఏటీ' రకం ఎస్ఎంపీఎస్ రెండు కనెక్టర్లను బోర్డుకు పెట్టేటప్పుడు నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన ఉండాలి. తారుమారైతే బాగున్న బోర్డు కూడా కాలిపోతుంది. తర్వాత బీప్‌లు. ఒక పొడుగు, రెండు పొట్టి వినిపిస్తే చాలా బోర్డుల్లో అనుమానం డిస్‌ప్లే కార్డు మీదికి పోవాలి. స్పీకర్ ఉండీ మోగకపోతే వెతుకులాట ప్రాసెసర్, బయోస్, ర్యామ్ వైపు తిరుగుతుంది. ఐబీఎం పీసీ ఏటీ తరం నుంచి బోర్డు తనను తాను పరీక్షించుకుంటూ ఒక్కో మెట్టుకు ఒక్కో కోడ్ పంపుతుంది. స్లాట్‌లో పెట్టిన, ఆ కోడ్‌ను చూపే 'పోస్ట్' కార్డు మీద ఏ అంకె దగ్గర ఆగిందో చూసి ఎక్కడ చిక్కుకుందో చెప్పే నేర్పును ఎంత పొగిడినా తక్కువే.

అసలు యంత్రం బాగానే ఉండి, తెర మాత్రమే దాని మాట అందుకోలేని సందర్భాలూ ఉన్నాయి. ఐబీఎం 1981లో పీసీతో తెచ్చిన రంగుల కార్డు సీజీఏ సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది. తర్వాత వచ్చిన వీజీఏ దానికి రెట్టింపు వేగం. ఆ వేగానికి కట్టిన కొత్త మానిటర్‌కు పాత కార్డును అడాప్టర్‌తో తగిలిస్తే తెర చాలాసార్లు నల్లగానే ఉంటుంది. పాపం, ఆ యంత్రానికి అక్కడే చావుపత్రం రాసేస్తారు. విద్య తెలిసినవాడు ముందు 9 పిన్నుల పాత పోర్టా, 15 పిన్నుల వీజీఏదా అని చూస్తాడు.

నైపుణ్యం అంతటినీ పరీక్షకు పెట్టేది మాత్రం బ్యాటరీ కారిన బోర్డే. 386, 486 బోర్డుల మీద కీబోర్డు సాకెట్ దగ్గర పీపా ఆకారంలో ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. ఏళ్ళ తరబడి మూలన పడేస్తే అందులోంచి కారిన క్షారం రాగి దారుల వెంట పాకి, పచ్చని చిలుము పట్టించి, సాకెట్ల అడుగుకు దూరుతుంది. బ్యాటరీని తీసేసి, క్షారాన్ని వెనిగర్‌తో విరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, తెగిన ప్రతి దారినీ మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూసుకుంటూ భూతద్దం కింద సన్నని తీగతో తిరిగి కలపాలి. అలా అతికిన బోర్డు మీద ఒక్క బీప్ మోగి, తెర మూలన ర్యామ్ లెక్క మొదలైతే, ఆ చేతికి దండం పెట్టాల్సిందే.

ఈ పనిని అభిరుచి గలవాళ్ళ కాలక్షేపం అనేవాళ్ళు ప్రపంచం వైపు ఒకసారి చూడాలి. బ్రిటన్‌లోని బ్లెచ్‌లీ పార్క్‌లో టోనీ సేల్ బృందం ధ్వంసమైన తొలితరం కంప్యూటర్ కొలోసస్‌ను మిగిలిన ఫొటోలు, అరకొర చిత్రపటాల ఆధారంగా తిరిగి కట్టింది. 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ కంప్యూటర్ 2012లో అక్కడే మళ్ళీ లెక్కలు చేసింది. మనుషుల్ని చంద్రుడి మీదికి చేర్చిన రకం అపోలో గైడెన్స్ కంప్యూటర్ ఒకదానికి 2019లో కొందరు ఇంజనీర్లు ప్రాణం పోశారు. మనకూ చరిత్ర లేకపోలేదు: ఏ.ఎస్.రావు నడిపిన ఈసీఐఎల్ సంస్థ హైదరాబాద్‌లో 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది.

అసలు కోపం రావాల్సింది నకిలీ పని మీద. డిస్‌ప్లే చిప్ మీద హీట్ గన్ పట్టి, వేడికి లోపలి కాంటాక్టు తాత్కాలికంగా అతుక్కోగానే 'అయిపోయింది' అని డబ్బు తీసుకోవడం రిపేరు కాదు, మోసం. వారాల్లోనే తెర మళ్ళీ నల్లబడుతుంది, ఈసారి చుట్టుపక్కల భాగాలు కూడా మాడి ఉంటాయి. ఉబ్బిన కెపాసిటర్ల స్థానంలో పాతవాటికే కొత్త తొడుగేసినవి అతికించడం, పాత క్యాబినెట్‌లో చవక బోర్డు ఇరికించి 'పాత పీసీ బతికింది' అని అమ్ముకోవడం కూడా అదే జాతి. సోల్డరింగ్ ఐరన్ పట్టి ఓపిగ్గా లోపం వెతికేవాడి పక్షమే నాది. ఈ విషయంలో మధ్యేమార్గం లేదు.

కొత్తది చవకగా వస్తుంటే పాతదాని మీద ఖర్చెందుకని అడుగుతారు. ధర ఒక్కటే కొలమానమైతే వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని ఏళ్ళ తరబడి శ్రమించి తిరిగి నిలబెట్టి, 2024లో తెరవాల్సిన పనే లేదు; అదే చోట కాంక్రీటు హాలు చవకగా లేచేది. పాత ప్రోగ్రాములు కొత్త యంత్రంలో ఎమ్యులేటర్ మీద నడుస్తాయి కదా అన్నది ఇంకా గట్టి వాదన. నడుస్తాయి, నిజమే. కానీ పాత యంత్రం డిస్కులో ఉన్నది ముందు బయటికి రావాలి. డాస్ కాలంలో తెర మీద తెలుగు చూపించిన దారుల్లో ఒకటి స్లాట్‌లో కూర్చునే జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ సంస్థ చేతికి వచ్చిన పరికరం అది. ఆ తర్వాత డీటీపీ సెంటర్లలో తెలుగు అంతా యూనికోడ్ కాని ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్ళలో పేరుకుంది. పెళ్ళి పత్రికల నుంచి కవితా సంపుటాల దాకా ఎన్ని తెలుగు పేజీలు నల్లబడిన తెరల వెనుక ఉండిపోయాయో! ఆ కార్డుతో, ఆ ఫాంటుతో ఆ యంత్రం లేచినప్పుడే అక్షరం రాసినవాళ్ళు చూసినట్టు కనిపిస్తుంది, కొత్త రూపంలోకి మార్చినది సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోగలం.

1959 నుంచి ఇంజనీర్లను తయారుచేస్తున్న కళాశాల ఉన్న ఊరు ఇది; ఇప్పుడది ఎన్ఐటీ. అక్కడి విద్యార్థులూ, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలూ హనుమకొండలో మిగిలిన చిప్ లెవెల్ పనివాళ్ళ బల్లల పక్కన కూర్చుని ఈ పని నేర్చుకునే ఏర్పాటు చెయ్యమని అధ్యాపకులను వేడుకుంటున్నాను. పాఠకులకూ ఒక మాట. అటక మీది పాత కంప్యూటర్‌ను కిలోల లెక్కన పాత సామాను బండికి వెయ్యకండి. ముందు బోర్డు మీది బ్యాటరీ తీయించండి. పాత మానిటర్‌ను మాత్రం మీరు విప్పవద్దు, ప్లగ్ పీకేసినా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. బోర్డు మార్చాలని ఎవరైనా అంటే, ఏ భాగం పోయిందో మీటరు పెట్టి చూపించమని అడగండి. చూపించగలిగిన వాడికే మీ యంత్రాన్ని అప్పగించండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.