చింతగింజల లెక్క

"ప్రేమకు లెక్కలేంటయ్యా?" అనేశాను. మొన్న ఇచ్ఛాపూర్‌లో, పరాయివాళ్ల గదిలో కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగుతూ. అనకుండా ఉండాల్సింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గోల తెలిసిందే. లెక్కపెట్టి చేసే భక్తి నాకు పడదు. ఇన్ని జపమాలలు, ఇన్ని నవదినాలు, పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారనే వాట్సాప్ సందేశాలు, అన్నిటినీ ఒకే గాటన కట్టి తిడుతుంటాను. ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాల వారం అలాగే రాస్తే, తెనాలి నుంచి ఒకావిడ "మీకు లెక్కలు రాక ఈ గొడవంతా" అని కార్డు ముక్క పడేశారు. లెక్కలు నాకు నిజంగానే రావు.

ఇచ్ఛాపూర్ సూరత్ నుంచి హజీరా పోయే దారిలో ఉంటుంది. వజ్రాలూ నగల వ్యాపారానికి కట్టిన పార్కు ఇక్కడే. ముందుకెళ్తే హజీరా ఫ్యాక్టరీలు. రోడ్డు పొడుగునా లారీలు. ఊరి పేరులో ఇచ్ఛ ఉందిగానీ, అద్దె గదుల్లో ఉండేవాళ్ల తిండీ నిద్రా పండగా అన్నీ షిఫ్టు ఇచ్ఛే. సూరత్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, తనకు తెలిసిన పల్నాడు ఫిట్టర్ ఒకతని గదికి తీసుకెళ్లాడు. నలుగురు సర్దుకునే గది. గోడకు యేసు తిరుహృదయ పటం, ముళ్లు చుట్టిన గుండె, దానిమీద మంట. పక్కనే తెలుగు క్యాలెండర్. తలుపు వెనక రెండు తెల్ల గీతలు, పైపుల మీద కొలతలు గుర్తుపెట్టుకునే చాక్‌పీసుతో గీసినవి. వాటి కింద, తుడిచేసిన పాత గీతల మరక.

"మొదటి శుక్రవారాలు బాబాయ్" అన్నాడు ఫిట్టర్.

వరసగా తొమ్మిది నెలలు, ప్రతి నెలా మొదటి శుక్రవారం పూజకెళ్లి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. ఒక్కటి తప్పితే మళ్లీ ఒకటి నుంచే. ఇతనికి ఒకసారి మూడు దగ్గర, ఇంకోసారి అయిదు దగ్గర తెగిపోయింది. మూడోసారి ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో శుక్రవారానికి సరిగ్గా షట్‌డౌన్ వచ్చిపడింది. షట్‌డౌన్ అంటే సెలవు యంత్రాలకు, మనుషులకు పన్నెండేసి గంటల పని. తడిగుడ్డతో తలుపు తుడిచి, మే నెలలో మళ్లీ మొదలుపెట్టాడు. జూన్ తిరుహృదయ మాసం కదా, రెండో గీత మొన్ననే పడింది.

అప్పుడన్నాను ఆ మాట. అతను నవ్వి ఊరుకున్నాడు. జవాబు వేరేచోట నుంచి వచ్చింది, చెబుతాను.

దానికి ముందు మా నాయనమ్మ సంగతి. ఆమె మొదటి శుక్రవారాల లెక్క చింతగింజలతో. వంటింట్లో ఉప్పుజాడీ పక్కన చిన్న ముంత ఉండేది. శుక్రవారం అయ్యాక అందులో ఒక గింజ పడేది. మా ఊళ్లో గుడి లేదు. ఫాదరుగారు నెలకోసారి వచ్చేవారు, ఏ వారమో ఉపదేశిక్కూడా ముందు తెలిసేది కాదు. అందుకని కోడి కూయకముందే లేచి ఫిరంగిపురం నడిచేది. ఆ రోజుల్లో సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదు. నీళ్లు తాగొచ్చని రోమ్ చెప్పింది 1953లో. 1957లో ఉపవాసం మూడు గంటలైంది, 1964లో ఒక్క గంటకు దిగింది. నాయనమ్మ నడకలన్నీ ఆ సడలింపులకు ముందటివి. పూజయ్యాక తినడానికి చద్దిమూట వెంట ఉండేది. దారిలో దాని వాసన తగలకుండా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మూటను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకునేదట. దేవుణ్ణి ప్రేమించడం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆ భుజం మార్చుకోవడం ముందు ఒక్కటీ నిలవదు.

ఆ శుక్రవారాలు మా గేదె పాలు పిండింది పక్కింటావిడ. పోలేరమ్మకు మొక్కే మనిషి. నాయనమ్మ జ్వరపడి ఏడో శుక్రవారం తప్పినప్పుడు గింజలన్నీ ముంతలోంచి తీసేస్తుంటే, ఆవిడే లబోదిబోమందట: "మళ్లీ తొమ్మిది నెలలూ నీ గేదె నాకేనా!" పిండటం మాత్రం మానలేదు.

ఈ తొమ్మిది శుక్రవారాల మాట ఫ్రాన్సులోని పరే-ల-మోనియాల్ మఠంలో పునీత మార్గరెట్ మేరీ అలకోక్ ద్వారా వచ్చింది. ఆమెకు తిరుహృదయ తొలి దర్శనం 1673 డిసెంబరు 27న. (అంతకు దాదాపు పదేళ్ల ముందే, 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు, అక్కడున్న కపూచిన్ గురువు ఆంబ్రోజ్ ఇంటి జోలికి మాత్రం వెళ్లలేదని యాత్రికుడు బెర్నియర్ రాశాడు. లెక్కలు రాకపోయినా తేదీలు వదలను.) ఆ కాలపు ఫ్రాన్సులో జాన్సెనిస్టులనే కఠినులు, సత్ప్రసాదం ముట్టడానికి నువ్వెంత, నీ అర్హత ఎంత అని జనాన్ని హడలగొట్టారు. భయపడి చాలామంది దూరంగా ఉండిపోయేవారు. అలాంటివాళ్లను నెలనెలా రమ్మనడమంటే, గుమ్మం బయట నిలబడ్డ చుట్టాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగడమే. 2024 అక్టోబరులో తిరుహృదయం మీద విడుదల చేసిన 'దిలెక్సిత్ నోస్' లేఖలో పోప్ ఫ్రాన్సిస్ కూడా మొదటి శుక్రవారాల గురించి ఇదే చెప్పారు. చదివాను. ఒప్పుకున్నాను కూడా. అయినా మనసులో మాత్రం అవి కిరాణా కొట్టు కూపన్లలాగే ఉండిపోయాయి: తొమ్మిది అతికించు, బహుమతి పట్టుకెళ్లు.

ఇచ్ఛాపూర్ గదికి వస్తాను. నేను ఆ మాట అన్నప్పుడు, నైట్ షిఫ్టు చేసొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న శ్రీకాకుళం కుర్రాడు దుప్పట్లోంచే అన్నాడు: "లెక్క లేకపోతే నాకెలా తెలుస్తాదండీ, ఏ నెల డ్యూటీ మార్సుకోవాలో?"

అతను క్రైస్తవుడు కాదు. తలుపు వెనక గీతలు చూసుకుని, ఫిట్టర్‌కు అడ్డం వచ్చే షిఫ్టును తను తీసుకుంటున్నాడు. ఫిట్టర్ సూరత్ ఊళ్లోకి వెళ్లి, తనకు సగమే అర్థమయ్యే భాషలో పూజ విని వచ్చేదాకా ఇతను పనిలో ఉంటాడు. ఎనిమిది దగ్గర తెగినప్పుడు ఇద్దరికీ రెండు రోజులు కూడు సయించలేదట.

నేను గొప్పగా చెప్పే లెక్కలేని ప్రేమ, తీరుబడి ఉన్నవాడి మాట. నా మనసులో ఎంత భక్తి ఉందో పక్కవాడికి కనబడదు, అందులో అతను పట్టగలిగే సాయమూ ఉండదు. తలుపు మీద గీత ఉంటే గదిలో అందరికీ తెలుస్తుంది. ముంతలో గింజ ఉంటే పక్కింటావిడ గేదె దగ్గరికి వస్తుంది.

జూలై మొదటి శుక్రవారం ఫిట్టర్‌కు సాయంత్రం షిఫ్టు పడిందని మేనల్లుడు ఫోన్ చేశాడు. శ్రీకాకుళం కుర్రాడు అప్పుడే మార్చుకున్నాడట.

తెనాలి అమ్మగారూ, గుణదల వారం రాసిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. వాట్సాప్ సందేశాలు మాత్రం దయచేసి పంపకండి.