ఎవర్‌క్వెస్టు, వార్‌క్రాఫ్టు : పాతవే మేలా?

ఇంటర్నెట్టు ద్వారా వేలకొలది జనులు ఒకే కల్పితలోకమున ప్రవేశించి, ఒకరు యోధుడుగ, ఒకరు వైద్యుడుగ, ఒకరు మాంత్రికుడుగ వేషము దాల్చి ఆడు ఆటలు కొన్ని కలవు. ఆటగాడు కంప్యూటరు ఆపి నిద్రపోయినను ఆ లోకము నడచుచునే యుండును. వీనిలో పాతవే గొప్పవనియు, కొత్తవి చప్పబడినవనియు ఆటగాండ్రలో ఒక అభిప్రాయము బలముగ నున్నది. అది ఎంతవరకు నిజము?

1999 మార్చిలో అమెరికాలో వెలువడిన ఎవర్‌క్వెస్టును తీసికొందము. తొలినాళ్లలో, పాత్ర మరణించినచో దాని సామగ్రి శవముతోపాటు పడినచోటనే యుండెడిది. వట్టిచేతులతో మరల అచ్చటికి పోయి తెచ్చుకొనవలెను. గడించిన అనుభవములో కొంత పోయెడిది కూడ. చాలమందికి ఒంటరిపోరు కష్టము. దెబ్బలు కాచుకొనువాడొకడు, గాయములు మాన్పువాడొకడు తోడుండక తప్పదు. పోరునకు పోరునకు నడుమ శక్తి కోలుకొనువరకు చతికిలబడి కూర్చుండవలెను. ఆ ఖాళీవేళలో చేయుటకేమున్నది? మాటలే. స్నేహములు అక్కడ కుదిరెడివి.

ఆటగాండ్రు తమలో తాము సరకులమ్ముకొనుటకు నిర్మాతలు మొదట అంగడి నేర్పరుపలేదు. ఈస్ట్ కామన్‌లాండ్స్ అను ప్రాంతమందలి సొరంగమున వారే గుమిగూడి, కేకలువేసి బేరములాడుచు, ఒక సంతను కల్పించుకొనిరి. 2001 డిసెంబరులో వచ్చిన అనుబంధముతో బజారు అను ప్రత్యేకస్థల మేర్పడినది. అచ్చట ఆటగాడు లేచి భోజనమునకు పోయినను అతని పాత్ర నిలబడి అమ్ముచుండును. బేరమునకు మనిషితో పని లేకపోయినది. సొరంగపు సంత పలుచబడినది.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు ఈ కష్టములను చాలవరకు తొలగించినది. మరణించినను అనుభవము పోదు. పనులలో పెక్కింటిని ఒంటరిగనే చేయవచ్చును. 2009 డిసెంబరులో ఒక మీట వచ్చినది. దానిని నొక్కినచో యంత్రమే వేర్వేరు సర్వర్లనుండి ఐదుగురిని కూర్చి గుహలోనికి చేర్చును. పని ముగియగానే ఐదుగురు ఐదు దిక్కులు. వారు మరల కలియుట అరుదు. ఒకే సర్వరులో ఆడునపుడు మోసగాని పేరు నలుగురికి తెలిసెడిది. రాజనీతిశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఏక్సెల్‌రాడ్ 1984 నాటి గ్రంథమున చూపినది ఇదియే: మరల ఎదురుపడుదుమను ఎరుక స్వార్థపరులనడుమ సైతము సహకారమును నిలుపును. మీట ఆ ఎరుకను తీసివేసినది. అయినను ఉద్యోగము ముగించి గంటసేపు ఆడుకొనగోరువానికి అది ఉపకారియే. పాత ఆటలో ఆ గంట జట్టును వెదకుటకే చెల్లెడిది.

పాతదానిని తిరిగి తెచ్చినచో నేమగును? ఈ ప్రశ్నకు ప్రయోగము జరిగినది. 2019 ఆగస్టులో నిర్మాతలు వార్‌క్రాఫ్టును దాదాపు పాత నియమములతోనే క్లాసిక్ అను పేర మరల విడుదల చేసిరి. నలుబదిమంది కలిసి ఎదుర్కొనవలసిన రాగ్నరోస్ అను రాక్షసుని వధించుటకు మొదటిసారి సుమారు ఐదు నెలలు పట్టినది. 2019లో వారమైనను పట్టలేదు! క్లాసిక్ పాత ఆట యొక్క చివరి సవరణలతో వచ్చినందున పాత్రల బలము కొంత హెచ్చినమాట నిజమే, కాబట్టి ప్రయోగము శుద్ధము కాదు. కాని అంత తేడాకు అదొక్కటే చాలదు. 2004లో ఎవరికిని దారి తెలియదు. 2019లో ప్రతి మూలయు పటముల కెక్కినది. పాత ఆటల ఆకర్షణలో ఒక పాలు ఆటగాండ్ర అజ్ఞానమే. దానిని ఏ నియమమును తిరిగి తేజాలదు.

రెండవపాలు మాత్రము నియమములదే. క్లాసిక్‌లో ఆ మీట లేనందున జనులు మరల ఒకరినొకరు అడిగి, నడచి, జట్టు కట్టవలసివచ్చెను. 2022లో తరువాతి అధ్యాయమును అదే రీతిని తెచ్చినపుడును నిర్మాతలు మీటను కావలెననియే విడిచిపెట్టిరి. అది కావలెనని ఆటగాండ్రు పలువురు పట్టుబట్టగా 2023లో మరల చేర్చిరి.