అడగడంలోని పనితనం: గాల్వే ఆట, బెక్ పట్టిక

టెన్నిస్ నేర్పేవాళ్లు మామూలుగా అనేమాట ‘బంతి మీద చూపు పెట్టు’. అది వినగానే నేర్చుకునేవాడు కళ్లు చిట్లిస్తాడు, భుజాలు బిగిస్తాడు. దెబ్బ గతి తప్పుతుంది. అమెరికన్ శిక్షకుడు టిమోతీ గాల్వే ఆ హెచ్చరిక మానేసి చిన్న పని అప్పగించారు. బంతి నేలను తాకగానే ‘బౌన్స్’ అనాలి, రాకెట్‌కు తగలగానే ‘హిట్’ అనాలి. అంతే. మాట సరైన క్షణానికి పడాలంటే బంతిని చూడక తప్పదు. తనను తానే తప్పుపట్టుకునే లోపలి గొంతుకు ఆ కాసేపూ తీరిక ఉండదు, ఒళ్లు తనకు తెలిసిన ఆట ఆడేస్తుంది. 1974లో వచ్చిన ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ పుస్తకంలోని ఆలోచనకు ఇంతకంటే చక్కని నమూనా లేదు.

ఆ పద్ధతిని ఆఫీసుల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఒకప్పటి రేసింగ్ డ్రైవర్ జాన్ విట్‌మోర్. 1992 నాటి తన పుస్తకంలో ఆయన వివరించిన ‘గ్రో’ వరస నాలుగు మెట్లు: లక్ష్యం, ఇప్పటి స్థితి, దారులు, చేసితీరే సంకల్పం. ఇందులో నేర్పంతా లక్ష్యాన్ని ముందు పెట్టడంలో ఉంది. ఇప్పటి ఇబ్బందులతో మొదలుపెడితే కోరిక కూడా వాటి కొలతకే కుంచించుకుపోతుంది. చివరి మెట్టులో ‘ఏం చేస్తారు, ఎప్పుడు చేస్తారు’ అని అడిగి, జవాబును తేదీకి కట్టేస్తారు.

ఇదంతా కోచింగ్. ఇక థెరపీ. ఫిలడెల్ఫియాలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ తన రోగుల మనసుల్లో చటుక్కున మెరిసి మాయమయ్యే ఆలోచనలను గమనించారు. వాటిని పట్టుకోవడానికి ఒక పట్టిక వాడారు. ఏం జరిగింది, ఏ భావం కలిగింది, నూటికి ఎంత, అప్పుడు ఏమనుకున్నారు, దానికి సబబైన జవాబేమిటి, ఇప్పుడు ఆ భావం ఎంత?

స్నేహితుడు ఫోన్ ఎత్తలేదు. దిగులు 90. ‘నేనంటే ఎవరికీ పట్టదు’ అన్న ఆలోచన. థెరపిస్టు ‘అది తప్పు’ అనరు. దానికి రుజువేమిటి, ఇంకో కారణం ఉండొచ్చా అని అడుగుతారు. చివరి గడిలో దిగులు 60 అయితే అదీ ఫలితమే. సున్నా కావాలన్న పట్టుదల లేదు. భావానికో గడి, ఆలోచనకో గడి విడిగా కేటాయించడం నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం. బాధలో ఉన్నవారికి ఆ రెండూ అతుక్కుపోయి ఒకటే నిజంగా కనిపిస్తాయి.

కోచింగ్ రేపటిది, థెరపీ నిన్నటిది అని తేల్చేస్తుంటారు. బెక్ పట్టికే దానికి సమాధానం. అందులో ఉండేది ఎక్కువగా ఈ వారం సంగతే. అసలు తేడా మరోచోట ఉంది. సత్తా ఉంది, అడ్డు తొలగిస్తే చాలు అన్న నమ్మకంతో గాల్వే మొదలుపెడతారు. డిప్రెషన్‌లో జబ్బు తన సత్తాను తూకం వేసుకునే బుద్ధినే దెబ్బతీస్తుంది. అలాంటివారిని మీ లక్ష్యమేమిటని అడిగితే, చేతగానివాటి జాబితాలో మరొకటి చేరుతుంది. అందుకే థెరపీలో ముందు అంచనా ఉంటుంది. 1961లో బెక్ బృందం ప్రకటించిన 21 అంశాల ప్రశ్నావళిలో నిద్ర, ఆకలితో పాటు ఆత్మహత్య తలపుల గురించి కూడా అడుగుతారు.

బాధ్యతలోనూ ఆ తేడా ఉంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు కావాలి. లైఫ్ కోచ్‌ననే బోర్డుకు అలాంటి చట్టపు షరతు లేదు. కాబట్టి ఎదుటి మనిషి వారాల తరబడి నిద్రపోవడం లేదని, బతుకు మీదే ఆశ వదులుకుంటున్నాడని పసిగట్టి, తన ప్రశ్నలు ఆపి వైద్యం దగ్గరకు పంపగలగడం కోచ్ విద్యలో భాగమే. అనుకున్నది చేయడానికి తోడు కావాలంటే కోచ్ చాలు. ఏదైనా అనుకునే ఓపికే లేనప్పుడు వెళ్లాల్సింది థెరపిస్టు దగ్గరకు.