గడ్డం కింద పట్టీ

నా దగ్గరికొచ్చే దవడ కేసుల్లో ఎక్కువ భాగం పదహారో నంబరు హైవే పంపినవే. కావలికీ సూళ్లూరుపేటకీ మధ్య ఎక్కడో డివైడర్‌నో, ఆగున్న లారీనో గుద్దుకుని 108లో నెల్లూరు చేరతారు. రాత్రిళ్లు రొయ్యల గుంటల కాపలాకు బండి మీద పోతూ పడేవాళ్లు సరేసరి.

వెంట వచ్చినవాళ్లు ముఖం చూసి బెంబేలెత్తిపోతారు. మేము మాత్రం ముందు ఊపిరి, మెడ ఎముక, స్పృహ చూస్తాం. ముఖం సంగతి ఆ తర్వాతే. స్పృహకు 3 నుంచి 15 దాకా మార్కులేసే పద్ధతి 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెనెట్ పెట్టింది. 8, అంతకన్నా తగ్గితే గొంతులోకి గొట్టం వేయాల్సిందే. నోరంతా రక్తం. ముక్కులోంచి వేద్దామంటే పుర్రె అడుగు పగిలిందేమోనని భయం. మెడ వెనక్కి వంచకూడదు. ఒక్కోసారి గొంతు దగ్గర కోసి దారి చేయాలి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది మత్తు డాక్టరు, పేరొచ్చేది సర్జన్‌కి.

తలలో రక్తం గడ్డ కట్టేవాళ్లలో కొందరు మొదట శుభ్రంగా మాట్లాడతారు, కాసేపటికి మగతలోకి జారిపోతారు. అందుకే “మాట్లాడతానే ఉండాడు గదా సార్, ఇంటికి తీసకపోతాం” అంటే నేను ఒప్పుకోను.

మెదడు బాగా వాస్తే పుర్రె చెక్క ఒకటి తీసి, చాలాసార్లు పొట్ట చర్మం కింద దాస్తారు. వాపు తగ్గాక దాన్ని తిరిగి పెట్టడం మరో ఆపరేషన్. దవడది ఇంకోటి. పడింది ఒక్కసారే, థియేటర్‌కి మూడుసార్లు.

దవడ అతికేటప్పుడు మాకు కొలత ఎముక కాదు, పళ్లు. పైవీ కిందివీ మునుపటిలా కూర్చునేట్టు తీగతో కట్టాకే టైటానియం ప్లేటు బిగిస్తాం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముద్ద నమిలినప్పుడల్లా తెలుస్తుంది. ప్లేటు కుదరని చోట నోరు కట్టేసి కొన్ని వారాలు జావే గతి. “పులుసన్నా వడగట్టి పొయ్యొచ్చా అబ్బయా?” అని మనవడి కోసం ఒక అవ్వ అడిగింది. ముల్లు లేకుండా పొయ్యమన్నాను. నెల్లూరోడికి చేపల పులుసు ఎన్నాళ్లని ఆపగలం?

ఇదంతా బతికి బయటపడ్డవాళ్ల సంగతి. 2022లో దేశంలో హెల్మెట్ పెట్టుకోకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో వెనక కూర్చున్నవాళ్లే 14,337. కార్లలోనూ ఇదే కథ. నటుడు నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న మన కావలికి పెళ్లికొస్తూ నల్గొండ జిల్లాలో కారులోంచి ఎగిరి బయటపడి, తల దెబ్బతో పోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదు.

మోచేతికి తగిలించిన హెల్మెట్ మోచేతినే కాపాడుతుంది. పట్టీ బిగించనిది పడీపడగానే ఎగిరిపోతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ పట్టీ బిగించాలనే చెబుతోంది, వెనక కూర్చున్నవాళ్లకూ కలిపి. కొనేదేదో గడ్డం కూడా కప్పేది కొనండి. ఇంటావిడకీ ఒకటి తీసుకోండి.