వల విప్పే చేతులు

చిత్తూరు జిల్లా తోటల్లో బేనీషా మామిడి రంగు తిరిగే రోజుల్లో, చీకటి పడగానే పెద్ద గబ్బిలాలు దిగుతాయి. రెక్కలు విప్పితే నాలుగడుగుల దాకా ఉండే జీవి. పండు మీద కప్పిన సన్నదారం వల దాని కంటికి ఆనదు. అందులో చిక్కినదాన్ని ప్రాణంతో బయటికి తీసి, కోలుకునేదాకా సాకడం పెద్ద పనితనం. ఆ పనిలో ప్రతి మెలకువా గబ్బిలం ఒంటి నిర్మాణం నుంచే వచ్చింది.

ముందు కాలివేళ్లు చూడాలి. తలకిందులుగా వేలాడటానికి గబ్బిలం కండబలం దాదాపు ఖర్చు పెట్టదు. వేళ్లను ముడిచే స్నాయువుకు అడుగున సన్నని గాట్లుంటాయి. అది జారే తొడుగు లోపల వాటికి సరిపడే మడతలుంటాయి. ఒంటి బరువు పడగానే గాట్లు మడతల్లో దిగి, గోళ్లు వంగినవి వంగినట్టే బిగుసుకుంటాయి. నిద్రలోనూ పట్టు సడలదు. చనిపోయిన గబ్బిలం కూడా కొమ్మకు వేలాడుతూ కనబడేది ఇందుకే. అలాంటిదాన్ని వల నుంచి కిందికి గుంజితే పట్టు ఇంకా బిగుస్తుంది. తెలిసినవాళ్లు ఒంటిని కాస్త పైకెత్తి బరువు తీసేస్తారు. అప్పుడు గోళ్లు సులువుగా వదులుతాయి.

ఇక రెక్క. అది నిజానికి చెయ్యి. బొటనవేలు వంకర గోరుతో విడిగా ఉంటుంది. మిగతా వేళ్ల ఎముకలు సాగి, వాటి మధ్య రెండు పొరల చర్మం పరచుకుంటుంది. ఆ పలచని చర్మంలోనే సాగే పీచు, రక్తనాళాలు, సన్నని కండరాలు ఇమిడి ఉంటాయి. అందుకే ఒళ్లంతా తువ్వాలుతో చుట్టి, ఒక్కో వేలి సందునే బయటపెట్టి, మొద్దు మొన కత్తెరతో దారాలు ఒకటొకటిగా కత్తిరిస్తారు. చిన్న చిల్లులు వాటంతటవే పూడుకుంటాయి. ప్రమాదమంతా దారం బిగుసుకున్న చోట ఉంది. అక్కడ రక్తం ఆడక దెబ్బతిన్న పొర మొదటిరోజు బాగానే కనబడుతుంది. కొన్నాళ్లకు నల్లబడి ఊడిపోవచ్చు. దారం తీయగానే ఎగరేస్తే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది గానీ, గబ్బిలానికి అది మేలు కాదు. అందుకే రోజుల తరబడి దగ్గర పెట్టుకుని చూస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ ఓపికే.

నోటి సంగతీ తెలిసుండాలి. పండును నాలుకతో అంగిలి గట్లకు అదిమి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. పంజరం కింద పడిన పిప్పిని చూసి అది తింటున్నదో లేదో చెప్పొచ్చు. మర్రి, రావి లాంటి చెట్ల చిన్న గింజలు మాత్రం కడుపులోకి వెళ్లి, ఎగిరేచోట రాలి మొలుస్తాయి.

ఏడాదికి ఒకటే పిల్ల. మన దగ్గర ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే లోపు పుడుతుంది. వంకర పాలపళ్లతో తల్లి చన్నును పట్టుకుని, మొదటి వారాల్లో తల్లితో పాటే ఎగురుతుంది. ఆ పిల్లలు ఇంకా పెరుగుతుండగానే మే ఎండలు ముదురుతాయి. వేడి 42 డిగ్రీలు దాటితే గబ్బిలాలు రెక్కలతో విసురుకుని, ఒంటికి ఉమ్మి పూసుకుని, చివరికి కొమ్మల నుంచి కిందికి జారతాయి. ఆస్ట్రేలియాలో ఈ కాలచక్రం తిరగబడి ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లోని టోల్గా గబ్బిలాల ఆసుపత్రికి పని ముంచుకొచ్చేది ఏడాది చివర్లో. పిడుదు కాటుతో చచ్చుబడిన తల్లులు చెట్ల కింద పడతాయి, రొమ్మున పిల్ల బతికే ఉంటుంది. అలాంటి పిల్లను గుడ్డలో చుట్టి, వెచ్చగా ఉంచి, సీసాతో పాలు పడతారు. తర్వాత పండు అలవాటు చేస్తారు. ఆపైన సాటి పిల్లలతో పెద్ద పంజరంలో ఎగరనిచ్చి, చివరికి వదులుతారు. పనివాళ్లు ముందే రేబిస్ టీకా వేయించుకుంటారు. మనవాళ్లు ఒట్టి చేతులతో ముట్టుకోకుండా అటవీశాఖకు కబురు చేయడం మంచిది.

1972 నాటి మన వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకుల వరుసలో హానికర జీవులుగా చేర్చింది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. ఇక మార్చుకోవాల్సింది వల కన్ను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఇళ్లలోని పండ్లచెట్లకు 2021 సెప్టెంబరు నుంచి నియమం పెట్టింది: వలను పూర్తిగా సాగదీసినా కన్ను 5 మిల్లీమీటర్లు మించకూడదు. కొనేముందు చిటికెన వేలు దూర్చి చూస్తే చాలు. దూరితే ఆ వల పనికిరాదు.