బండ కింద సాక్ష్యం

పోయిన ఆదివారం వికారాబాద్‌లో నలుగురం కూర్చుని ఎడ్గార్ అలన్ పో కథ 'ది టెల్-టేల్ హార్ట్' గురించి మాట్లాడుకున్నాం. ముసలాయన కన్ను చూసి ఓర్వలేక ఆయన్ని చంపి, నేల కింద దాచి, చివరికి పోలీసుల ముందు తానే బయటపడినవాడి కథ. చెప్పేదీ వాడే. ఒక కుర్ర లెక్చరర్ రెండు ముక్కల్లో తేల్చేశాడు: "పిచ్చోడు సార్, కేసు ఖతం." నాకు ఒళ్ళు మండింది. కథలో హంతకుడు నోరు విప్పితే చాలు, వాడి చేతిలో పిచ్చి సర్టిఫికెట్ పెట్టేస్తాం. 'అపరిచితుడు' సినిమా వచ్చినప్పటి నుంచి నాది ఇదే గోల అని ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలుసు.

వాడి పనితనం చూడండి. ఏడు రాత్రులు వరసగా అర్ధరాత్రి తలుపు తీస్తాడు. తల లోపల పెట్టడానికే గంట పడుతుంది. తెల్లారితే ముసలాయన్ని పేరు పెట్టి పలకరించి, రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడుగుతాడు. ఇది పిచ్చా?

చట్టానికి కావలసింది కూడా పిచ్చి ఉందా లేదా అన్నది కాదు. కథ అచ్చయిన 1843 జనవరిలోనే, లండన్‌లో మెక్‌నాటన్ అనేవాడు ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చాడు. మతి స్థిమితం లేదని జ్యూరీ వదిలేస్తే అక్కడ గగ్గోలు పుట్టింది. దాంతో జడ్జీలు చెప్పిన సూత్రమే మన పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ అయింది, ఇప్పుడు న్యాయ సంహితలో 22. ఆ క్షణంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో నేరమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? అంతే ప్రశ్న. నిరూపించుకునే భారం నిందితుడిదే. శవాన్ని దాచినవాడికి అది తప్పని తెలియదంటే ఏ సెషన్స్ జడ్జి ఒప్పుకుంటాడు?

ఈ దాచడం సంగతే తాండూరులో తిరగబడింది. పైపు కోసం మా ఇంట్లో నేల బండ ఒకటి లేపిస్తున్నాం. పో కథలో చెక్కలు, మనకి నాపబండలు. మేస్త్రీకి కథంతా చెప్పాను. ఆయన ఉలి పక్కన పెట్టి నవ్వాడు. "లేపిన బండ మల్ల గట్లనే కూసోదు సార్. ఓ మూల లేస్తది. సందుల సిమెంటు కొత్తగ కానొస్తది." లేచి మడమతో రెండు బండలు తట్టాడు. ఒకటి గట్టిగా పలికింది, పక్కది డొల్లగా. అడుగున మట్టి కుంగితే అట్లనే మోగుతుందట. "పోలీసోళ్ళకు ఎర్కగాలేదా?"

కాలేదు. ఎవరి కంటికీ తెలియనంత నేర్పుగా మూశానని వాడే చెప్పాడు. వాడే! మరి ఆ ఏడు రాత్రులు, ఆ గంట నిదానం? అవీ వాడి నోటి మాటలే, రెండో సాక్షి లేడు. చచ్చినవాడి గుండె కొట్టుకోవడం విన్నానన్న నోరే, ఎంత తెలివిగా చంపానో చూడండి అంటోంది. మొదటిది భ్రమ అని కొట్టేసి రెండోదాన్ని రికార్డుకి ఎక్కించుకున్నాను నేను. పైగా కోర్టుల్లో హంతకులు పిచ్చి ఉందని మొత్తుకుంటారు, వీడు లేదని మొత్తుకుంటున్నాడు. శిక్ష తప్పించుకోవాలనుకునేవాడు చెప్పే మాట కాదది.

మన సాక్ష్య చట్టంలో పోలీసు ముందు ఒప్పుకుంటే అది చెల్లదు. ఆ మాట వల్ల ఏదైనా బయటపడితే, ఆ మేరకే చెల్లుతుంది. అంటే నేల కింద శవం చెల్లుతుంది, దాన్ని ఎంత చాకచక్యంగా పెట్టాడన్న వర్ణన చెల్లదు. కథనీ ఈ లెక్కన చదివితే మిగిలేది ఒక శవం, ఎవరికీ వినిపించని చప్పుడుకి కేకలు పెట్టే ఒక మనిషి. ఆ మనిషిని చర్లపల్లి జైలుకి పంపేముందు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి డాక్టర్లకు చూపించాల్సిందే. మతి లేక చేశాడని తేలినా చేతులు ఊపుకుంటూ ఇంటికి పోయేదేమీ ఉండదు, కోర్టు భద్రమైన చోట ఉంచమంటుంది, లేదంటే పూచీ తీసుకుని బంధువులకి అప్పగిస్తుంది.