మూడు కర్రల ముందు మొనగాడెవరు?

ఘంటసాలా, బాలూనా అన్న వాదన మన ఇళ్ళలో ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. తేలిపోయిందని చెప్పినవాళ్ళూ లేరు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఊరికి కూడా అలాంటి వాదన ఒకటుంది. బీటిల్స్ పుట్టిన ఊరు కదా, పాటగాళ్ళ గురించేమో అనుకునేరు. కాదు, గోల్‌కీపర్ల గురించి. లివర్‌పూల్ క్లబ్బుకు ఆడినవాళ్ళలో గొప్పవాడు రే క్లెమెన్సా, అలిసనా? ఈ రెండు పేర్లూ చెప్పి ఊరుకుంటే పక్కనున్న ముసలాయన "మరి ఎలీషా స్కాట్ ఎక్కడికి పోయాడు?" అని తగులుకుంటాడు. స్కాట్‌ను ఆయనా చూసి ఉండడు. వాళ్ళ తాత చూశాడు.

నేనీ తగాదాలోకి హైదరాబాద్‌లో, అర్ధరాత్రి టీవీ ముందు, దొడ్డిదారిన వచ్చిపడ్డాను. మా అన్నయ్య కొడుకు అలిసన్ వచ్చాకే ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టాడు. పాత వీడియోలు పెడితే నవ్వుతాడు. "బంతి అంత నెమ్మదిగా వస్తుంటే నేనైనా ఆపుతాను బాబాయ్" అంటాడు. వాడికి చెప్పాల్సిన జవాబు నాలుగు ముక్కల్లో తెమిలేది కాదు.

మన గల్లీల్లో ఆట రానివాణ్ణి గోల్‌లో నిలబెడతాం. ఆ అవమానం నేనూ పడ్డాను. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లెక్క వేరు. అక్కడ ఒక గోల్ వెనకాల కాప్ అనే పెద్ద గట్టు ఉంది. 1906లో కట్టారు. బోయర్ యుద్ధంలో స్పియాన్ కాప్ కొండ మీద చనిపోయిన సైనికుల గుర్తుగా ఆ పేరు వచ్చింది. కుర్చీలు వేయకముందు పాతిక వేల మంది అక్కడ నిలబడి చూసేవారు. రెండో సగంలో కాప్ వైపుకు గోల్ కొట్టడం లివర్‌పూల్‌కు ఇష్టం. కాబట్టి మొదటి సగమంతా సొంత గోల్‌కీపర్ వీపు, రెండో సగమంతా అవతలివాడి వీపు వాళ్ళ కళ్ళెదుటే ఉంటుంది. అతను ఎక్కడ నిలబడ్డాడో, ఏ కాలి మీద బరువు వేశాడో, డిఫెండర్లను ఏమని కేకేశాడో వాళ్ళకు తెలిసినంతగా పక్క గ్యాలరీలకు తెలియదు. అందుకే అవతలి జట్టు గోల్‌కీపర్ రెండో సగానికి తమ ముందుకు రాగానే చప్పట్లు కొట్టడం కాప్ వాళ్ళ ఆచారమైంది. అతనూ చేతులెత్తి బదులిస్తాడు. ఆ వెంటనే అతని మీద గోల్ పడాలని గొంతు చించుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

స్కాట్ బెల్‌ఫాస్ట్ మనిషి. 1912లో వచ్చాడు. గోల్‌కీపర్ బంతిని చేత్తో పట్టడం తన పెనాల్టీ ఏరియాలోనే చెల్లుతుందని నిబంధన మారిందీ ఆ ఏడాదే. అంతకుముందు తన సగం మైదానంలో ఎక్కడైనా పట్టొచ్చు. 1934 దాకా 468 మ్యాచ్‌లాడి, 1922లో, 1923లో వరసగా రెండు లీగ్ టైటిళ్ళు చూశాడు. అదే ఊరి మరో క్లబ్బు ఎవర్టన్ సెంటర్ ఫార్వర్డ్ డిక్సీ డీన్‌తో అతని పోటీ గురించి ఒక కథ ఉంది. వీధిలో ఎదురైన డీన్ పలకరింపుగా తల ఊపితే, హెడర్ కొట్టాడనుకుని స్కాట్ రోడ్డు మీదే పక్కకు దూకాడట. జరిగిందో లేదో ఎవరికెరుక! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న మాటకు ఇంతకంటే మంచి కథ నేను వినలేదు. చివరికి సెలవు తీసుకుంటూ స్కాట్ ప్రేక్షకులతో మాట్లాడినప్పుడు కాప్‌లోని మిత్రులకు వేరుగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

టామీ లారెన్స్ పేరు ఈ వాదనలో తరచూ జారిపోతుంది. భారీ మనిషి కావడంతో ముద్దుగా ఎగిరే పంది అని పిలిచేవారు. 1960లలో బిల్ షాంక్లీ మేనేజర్‌గా ఉండగా లివర్‌పూల్ డిఫెండర్లు ముందుకు జరిగి ఆడేవారు. వాళ్ళ వెనకాల మిగిలిన ఖాళీలోకి లారెన్స్ పెనాల్టీ ఏరియా దాటి వచ్చి బంతిని కాలితో తన్నేసేవాడు. ఇవాళ స్వీపర్ కీపర్ అని కొత్త వింతలా చెప్పుకునే పని అదే. 1968–69లో 42 లీగ్ మ్యాచ్‌లలో 24 గోల్సే పడ్డాయి. 2015లో ఒక బీబీసీ విలేకరి లివర్‌పూల్ వీధిలో కనబడ్డ పెద్దాయన్ని ఆపి, 1967లో ఎవర్టన్‌తో జరిగిన కప్ మ్యాచ్ గుర్తుందా అని అడిగాడు. గుర్తుంది, అందులో నేను ఆడాను అన్నాడాయన. ఆయనే లారెన్స్. విలేకరి గుర్తుపట్టలేదు.

1970 ఫిబ్రవరిలో వాట్‌ఫర్డ్ అనే చిన్న జట్టు చేతిలో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్ ఓడాక షాంక్లీ పాతవాళ్ళను పక్కనపెట్టాడు. అలా లారెన్స్ చోటు క్లెమెన్స్‌కు వచ్చింది. స్కన్‌థార్ప్ నుంచి 1967లో 18,000 పౌండ్లకు కొన్న కుర్రాడు. దానికి ముందు సొంతూరు స్కెగ్‌నెస్ సముద్రతీరంలో డెక్ కుర్చీలు అద్దెకిచ్చే పని కూడా చేశాడు. లివర్‌పూల్‌కు ఆడింది 665 మ్యాచ్‌లు. అందులో 323 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా పడలేదు. ఐదు లీగ్ టైటిళ్ళు, మూడు యూరోపియన్ కప్పులు.

క్లెమెన్స్ పనితనం వీడియోల్లో కనబడదు, అదే చిక్కు. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. గీత మీదే నిలబడ్డ మనిషికి రెండు పక్కలా బోలెడు ఖాళీ. బంతితో దూసుకొచ్చేవాడికి ఎదురుగా నాలుగడుగులు ముందుకు వేస్తే, అతనికి కనబడే గోల్ సగానికి సగం తగ్గిపోతుంది. ఆ నాలుగడుగులు ఎప్పుడు వేయాలన్నదే విద్య. తొందరపడితే బంతి తల మీద నుంచి పోతుంది, ఆలస్యమైతే పక్క నుంచి పోతుంది. సమయానికి అడుగులు పడితే బంతి తిన్నగా ఒంటికే వచ్చి తగులుతుంది. చూసేవాళ్ళు "నేరుగా కీపర్ మీదకే కొట్టాడు" అని కొట్టినవాణ్ణి తిట్టుకుంటారు! 1977లో రోమ్‌లో యూరోపియన్ కప్ ఫైనల్. స్కోరు 1–1గా ఉన్నప్పుడు జర్మన్ జట్టు ఆటగాడు స్టీలికే ఒంటరిగా లోపలికి వచ్చాడు. క్లెమెన్స్ అడ్డంగా వెళ్ళి కాళ్ళతో ఆపాడు. మ్యాచ్ 3–1తో గెలిచారు. గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. ఆ కాళ్ళ సంగతి పాతవాళ్ళు గుర్తుచేయాలి.

ఇక 1978–79. 42 లీగ్ మ్యాచ్‌లలో లివర్‌పూల్ మీద పడినవి 16 గోల్స్. అందులో ఆన్‌ఫీల్డ్‌లో పడినవి నాలుగే. 28 మ్యాచ్‌లలో అసలు గోలే లేదు.

ఇక్కడే మా వాడు అడ్డుపడతాడు. ముందు ఫిల్ థాంప్సన్, అలన్ హాన్సెన్ లాంటి డిఫెండర్లుంటే ఎవరి మీద మాత్రం గోల్స్ పడతాయి? పైగా బ్యాక్‌పాస్ సంగతేమిటి? 1992 దాకా సొంత ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని కూడా గోల్‌కీపర్ చేతుల్లోకి తీసుకోవచ్చు. ఆధిక్యంలో ఉంటే లివర్‌పూల్ బంతిని వెనక్కీ ముందుకీ తిప్పుతూ అవతలివాళ్ళను విసిగించేది. ఆ సౌకర్యం అలిసన్‌కు లేదు. రెండూ న్యాయమైన అభ్యంతరాలే. ఘంటసాల వాద్యకారులందరితో కలిసి ఒకేసారి పాడాలి, బాలు తర్వాతి రోజుల్లో ట్రాక్ మీద పాడాడు. ఇద్దరి పనీ పాడటమే అంటే ఎలా ఒప్పుకుంటాం? గోల్‌కీపర్ అన్న పేరు అలాగే ఉండిపోయింది, కింద ఉద్యోగం మారిపోయింది.

అభిమానుల జ్ఞాపకం ఇంకో రకం. అది రాత్రుల్ని పట్టుకుని వేలాడుతుంది. 1984లో మళ్ళీ రోమ్, మళ్ళీ ఫైనల్, పెనాల్టీ షూటౌట్. లివర్‌పూల్ గోల్‌కీపర్ బ్రూస్ గ్రోబెలార్ గోల్ నెట్ కొరికాడు, కాళ్ళు వడలిన తోటకూర కాడల్లా వణికించాడు. రోమా జట్టు తరఫున కాంటి, గ్రాజియాని గురితప్పారు. అల్లరిగా కనబడ్డా అదీ ఒక పద్ధతే. పన్నెండు గజాల దూరంలో బంతి పెట్టుకున్నవాడి ధ్యాస ఒక్క క్షణం చెదిరితే చాలు. 2005లో ఇస్తాంబుల్‌లో మిలాన్ మీద ఫైనల్ షూటౌట్‌కు వెళ్ళేముందు డిఫెండర్ జేమీ క్యారగర్ ఆ గ్రోబెలార్‌నే గుర్తుచేసుకోమని గోల్‌కీపర్ జెర్జీ డూడెక్‌కు నూరిపోశాడు. డూడెక్ గీత మీద అటూఇటూ ఊగాడు, రెండు పెనాల్టీలు ఆపాడు. అదనపు సమయం ముగియబోతుండగా షెవ్‌చెంకో రెండుసార్లు అతి దగ్గర నుంచి కొట్టినా గోల్ పడనివ్వనిదీ అతనే. ఆ చేతులే 2002 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మీద, క్యారగర్ వెనక్కి తలతో మెల్లగా తోసిన బంతిని కాళ్ళ మధ్య నుంచి వదిలేశాయి. ఆ ఇస్తాంబుల్ వేసవిలోనే పెపె రేనాను తెచ్చి డూడెక్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. రేనా మూడేళ్ళు వరసగా గోల్డెన్ గ్లవ్ గెలిచాడు, 2006 ఎఫ్‌ఏ కప్ షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపాడు. అయినా నలుగురిలో అతని పేరెత్తితే 2009లో సండర్‌లాండ్‌లో గ్యాలరీ నుంచి మైదానంలోకి వచ్చిపడిన బీచ్ బంతికి తగిలి దారి మళ్ళిన గోలే ముందు గుర్తొస్తుంది. లోరిస్ కారియస్‌కైతే 2018 కీవ్ ఫైనల్‌లో చేసిన పొరపాట్లే మిగిలాయి. ఆ రాత్రి అతనికి తలకు దెబ్బ తగిలిందని తర్వాత బోస్టన్ డాక్టర్లు తేల్చినా వినేవాళ్ళు తక్కువ.

ఆ వేసవిలోనే అలిసన్ వచ్చాడు, సుమారు 6.5 కోట్ల పౌండ్ల ధరకు. మా వాడి పక్షాన నేనే వాదిస్తాను, వినండి. ఒంటరిగా ఎదురొచ్చినవాడి మీదకు అలిసన్ దూకడు. చివరిదాకా నిటారుగా, చేతులు కొంచెం దించి నిలబడతాడు. ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన భారం కొట్టేవాడి మీద పడుతుంది. 2018 డిసెంబరులో నాపోలీతో మ్యాచ్ చివరి క్షణాల్లో మిలిక్ కొట్టిన బంతిని అలాగే ఆపాడు. అది లోపలికి పోయి ఉంటే ఆ ఏడాది లివర్‌పూల్ ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలోనే ఇంటికి పోయేది. పోలేదు, 2019 జూన్‌లో కప్పు గెలిచింది. 2020 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద అతను తన్నిన ఒక్క తన్నుకు బంతి ఫార్వర్డ్ సలా దగ్గరికి చేరింది, గోలైంది. 2021 మే 16న వెస్ట్ బ్రామ్ మీద 95వ నిమిషంలో కార్నర్‌కు ముందుకొచ్చి తలతో గోల్ కొట్టి గెలిపించాడు. లివర్‌పూల్ చరిత్రలో గోల్‌కీపర్ గోల్ కొట్టడం అదే మొదలు. అంతకు మూడు నెలల ముందే అతని తండ్రి బ్రెజిల్‌లో నీట మునిగి చనిపోయాడు. ఆ గోల్ తర్వాత అతని ముఖం చూసి మా ఇంట్లో ఫుట్‌బాల్ తెలియనివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఈ గోలంతా పరాయి ఊరిదే అనుకోనక్కర్లేదు. 1958లో ఆసియా అత్యుత్తమ గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకుని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్న పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. సైన్యంలో చేరాక మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత గోల్‌లోకి వచ్చాడు. మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు కాబట్టి కోల్‌కతాలో ముగ్గురూ మావాడే అంటారు. పుట్టిన ఊళ్ళో మాత్రం అతని పేరు మీద వాదించుకునేవాళ్ళు నాకు తగల్లేదు.

నా ఓటు క్లెమెన్స్‌కే. ఇవాళ్టి గోల్‌కీపర్‌కు కాళ్ళ పని పెరిగింది. నిమిషానికోసారి బంతి తగులుతుంటే ఒళ్ళు వెచ్చగా, మనసు మెలకువగా ఉంటుంది. క్లెమెన్స్ చలిలో, వానలో చాలాసేపు ఊరికే నిలబడి, వచ్చిన ఒక్క బంతికి సిద్ధంగా ఉండాలి. అలా 42 మ్యాచ్‌లు, 16 గోల్స్. పని లేనప్పుడు కూడా కావలి కాయడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమని నా నమ్మకం. మా వాడు ఒప్పుకోడు.

1981లో క్లెమెన్స్ టాటెన్‌హామ్‌కు వెళ్ళిపోయాడు. 1982 మే 15న ఆ జట్టు చొక్కాతో ఆన్‌ఫీల్డ్‌కు వచ్చి, రెండో సగంలో కాప్ ముందుకు నడిచాడు. కాప్ యావత్తూ చప్పట్లతో హోరెత్తింది. ఆ సగంలో అతని మీద మూడు గోల్స్ పడ్డాయి, లివర్‌పూల్ ఛాంపియన్ అయింది.